నిన్న మీ ఇంట్లో ఏం వండారు?

మేముండేది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ఊరు. ఊరు చిన్నదే గాని, మా ఎనిమిదో తరగతి గదిలో మూడు ప్రాంతాల తెలుగు వినిపిస్తుంది. ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్లలు ఎక్కువమంది. కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడినవారి పిల్లలు కొందరు. తండ్రి ఉద్యోగం వల్ల అనంతపురం నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు.

ఒక డిసెంబరు నెలలో ఆహారం పాఠం మొదలుపెట్టేముందు పిల్లలకు ఒక చిన్న పని చెప్పాను. "నిన్న మీ ఇంట్లో ఏం వండారో, ఎలా వండారో వండినవాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసుకు రండి" అన్నాను.

మర్నాడు కాగితాలు వచ్చాయి. చూద్దును గదా, సగం కాగితాల్లో కోడి బిర్యానీ, మిగిలిన సగంలో బొబ్బట్లు, పాయసం, పులావు! "ఏరా, నిన్న ఏం పండగ? నాకు తెలియకుండా వచ్చి వెళ్ళిపోయిందా?" అని అడిగాను. అందరూ నవ్వారు. పిల్లలు అబద్ధం రాయాలని రాయలేదు. రోజూ తినే పప్పు, చారు రాసి మాస్టారి చేతికి ఇవ్వడమంటే వారికి చిన్నతనంగా ఉంది. అంతే.

"నాకు పండగ వంట వద్దు. ఏడాదికి ఏడు రోజులు తినే వంట మన ఒంటికి ఎంత చేస్తుంది? మిగిలిన మూడు వందల యాభై ఎనిమిది రోజులు తినే వంట కావాలి నాకు" అన్నాను.

ఈసారి నిజం కాగితాలు వచ్చాయి. టమాటా పప్పు, వంకాయ కూర, చింతపండు చారు, జొన్న రొట్టె, పెసరట్టు, రాగి సంగటి, ఇడ్లీ, పచ్చిపులుసు. క్లాసులో నలభై ఒక్క మంది ఉంటే ముప్ఫై ఎనిమిది కాగితాలు వచ్చాయి. రాని మూడింటిలో రెండు మరచిపోయినవి. మూడోదాని సంగతి తరవాత చెబుతాను.

కాగితాల్లో లేనిది ఏమిటి?

ఆ కాగితాలన్నీ రాత్రి కూర్చుని చదివాను. చదువుతూంటే మన ప్రయోగాల రికార్డు పుస్తకం గుర్తుకు వచ్చింది. కావలసిన వస్తువులు ఉన్నాయి. చేసే విధానం ఉంది. ఫలితం కూడా ఉంది. కాని రెండు విషయాలు తేడాగా కనిపించాయి.

మొదటిది కొలతలు. "ఉప్పు తగినంత", "కారం సరిపడా", "పసుపు చిటికెడు", "నీళ్ళు పప్పు మునిగేదాకా". ఇవి కొలతలేనా అని మీరు నవ్వవచ్చు. కాని ఆలోచించండి. బియ్యం పాతవైతే నీళ్ళు ఎక్కువ పడతాయి, కొత్తవైతే తక్కువ చాలు. చింతపండు ఒక్కొక్కటి ఒక్కొక్క పులుపు. ఇన్ని మారిపోతూ ఉన్నప్పుడు గ్రాములలో రాసిన అంకె ఒక్కటే మనల్ని కాపాడలేదు. "తగినంత" అన్న మాటకు అర్థం, వండే మనిషి రుచి చూసి, వాసన చూసి, చేత్తో పట్టి చూసి నిర్ణయిస్తుందని. అంటే ఆ ఇంటి తల్లి చెయ్యే అక్కడ కొలత పరికరం అన్నమాట.

రెండో తేడా పెద్దది. ఏ కాగితంలోనూ "ఎందుకు" అన్నది లేదు. చింతపండు పులుసు చివరలో పోయాలి అని ఉంది. ఎందుకు? ఇడ్లీ పిండి పొయ్యికి దగ్గరగా పెట్టాలి అని ఉంది. ఎందుకు? చెప్పిన అమ్మకు తెలియక కాదు, రాసుకున్న పిల్లవాడు అడగక.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. కాగితాలను పిల్లలమధ్య మార్చేశాను. ఎవరి ఇంటి వంట వారికి రాదు, వేరొకరి ఇంటిది వస్తుంది. ఆదివారం నాడు ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉండగా ఆ కాగితంలో ఉన్నట్టే వండి, ఏమైందో సోమవారం వచ్చి చెప్పాలి. ఇదీ నియమం.

సోమవారం ఉదయం క్లాసు క్లాసంతా ఒకటే గోల. వంటల్లో సగం బాగా కుదిరాయి, సగం కుదరలేదు. కుదిరినవాటికంటె కుదరనివే మాకు ఎక్కువ పాఠం చెప్పాయి.

ఉడకని పప్పు

ఒక అబ్బాయికి పుల్లటి పప్పు కాగితం వచ్చింది. వాడు తొందర మనిషి. కందిపప్పు, చింతపండు పులుసు, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాడు. గంట గడిచినా పప్పు బద్దలు బద్దలుగానే ఉందట.

నేను వాణ్ణి ఏమీ అనలేదు. ఎందుకంటే అదే పని నేనూ చేశాను. చాలా ఏళ్ళ క్రితం మా ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు సైన్సు మాస్టారిని గదా, పప్పు వండుకోలేనా అని మొదలుపెట్టాను. పులుసు ముందే పోశాను. కిరసనాయిలు అయిపోయింది గాని పప్పు ఉడకలేదు. పక్కింటి పెద్దావిడ వచ్చి మూత తీసి చూసి, "పులుపు ముందేస్తే పప్పు ఉడుకుతుందా మాస్టారుగారూ?" అన్నారు. బీయీడీ చదివిన నాకు తెలియనిది బడికి వెళ్ళని ఆవిడకు తెలుసు.

కారణం ఇది. పప్పు గింజలో కోట్ల కణాలు ఉంటాయి. ఒక కణాన్ని మరొక కణానికి అంటించి ఉంచే జిగురు వంటి పదార్థం పేరు పెక్టిన్. పప్పు ఉడకడమంటే వేడి నీళ్ళలో ఈ పెక్టిన్ కరిగి కణాలు విడిపోవడమే. నీళ్ళలో ఆమ్లం ఉంటే పెక్టిన్ సులువుగా కరగదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. అందువల్ల పప్పు మెత్తబడిన తరవాతనే పులుసు పొయ్యాలి.

ఇంకొక అమ్మాయి పులుపు చివరనే వేసింది, అయినా పప్పు ఆలస్యంగా ఉడికిందని చెప్పింది. కాగితం ఇచ్చిన ఇంట్లో వాడేది చెరువు నీళ్ళు. ఈ అమ్మాయి ఇంట్లో బోరు నీళ్ళు. బోరు నీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువ. కాల్షియం వెళ్ళి పెక్టిన్‌ను ఇంకా గట్టిగా బిగిస్తుంది. సబ్బు నురగ రాని నీళ్ళలో పప్పు కూడా తొందరగా ఉడకదని అందుకే అంటారు. వంట అదే, చెయ్యి అదే, నీళ్ళు మారాయి!

కొందరు ఇటువంటప్పుడు వంటసోడా వేస్తారు. సోడా క్షారం కాబట్టి పప్పు త్వరగా మెత్తబడుతుంది. కాని పప్పులో ఉన్న థయామిన్ అనే బి విటమిన్ క్షారంలో నశిస్తుంది. పప్పు మిగులుతుంది, విటమిన్ పోతుంది. అంతకంటె ఒక గంట ముందు నానబెట్టుకోవడం మేలు.

కుక్కరు ఉన్నవాళ్ళకు ఈ తంటా కొంత తక్కువ. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకంటె వేడెక్కవు. కుక్కరులో ఆవిరి బయటికి పోలేక పీడనం పెరుగుతుంది. పీడనం రెట్టింపయితే నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. ఆ ఇరవై డిగ్రీలే వంట కాలాన్ని బాగా తగ్గిస్తాయి. ఈ సాధనాన్ని 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండనులో తయారుచేశాడు. ఎముకలు కూడా మెత్తబడేలా అందులో వండి, 1682లో రాయల్ సొసైటీ శాస్త్రవేత్తలకు విందు చేశాడు. ఆవిరి మరీ ఎక్కువైతే దానంతటదే బయటికి పోయే కవాటాన్ని కూడా ఆయనే అమర్చాడు. చూశారా, వంటకం రుచి చూపించి శాస్త్రవేత్తలను ఒప్పించిన శాస్త్రవేత్త!

పొంగని ఇడ్లీ పిండి

ఒక ఇంటి ఇడ్లీ కాగితం మరొక ఇంటికి వెళ్ళింది. ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. కొలత తప్పలేదు. కాని డిసెంబరు చలిలో పిండిని కిటికీ పక్కన గచ్చు మీద పెట్టారు. పొద్దున చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇడ్లీలు రాళ్ళలా వచ్చాయి. కాగితం ఇచ్చిన ఇంట్లో మాత్రం పిండి గిన్నెను పొయ్యి గట్టు మీద పాత దుప్పటి కప్పి పెడతారు. "ఇదేం రాస్తాంలే" అని ఆ పిల్ల ఆ ముక్క రాయలేదు.

నిజానికి ఇడ్లీ పొంగడానికి ఆ దుప్పటే ముఖ్యం. పిండిని పొంగించేది మనం కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనదాని పేరు కాస్త పొడుగు, ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్. ఇడ్లీ పిండి పొంగడంలో దాని పాత్రను వివరించిన పరిశోధన 1965లో వెలువడింది. ఇది పప్పు మీదనే ఉంటుంది, మనం బయటినుంచి తెచ్చి వెయ్యక్కరలేదు. పిండిలోని చక్కెరలను తింటూ లాక్టిక్ ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడు వాయువును విడుదల చేస్తుంది. ఆమ్లం వల్ల పులుపు, వాయువు వల్ల పొంగు. మినప్పప్పులోని జిగురు ఆ వాయువు బుడగలను పారిపోకుండా పట్టి ఉంచుతుంది. బియ్యం ఒక్కటే రుబ్బితే ఇడ్లీ ఎందుకు గుల్లగా రాదో ఇప్పుడు తెలిసింది గదా!

సుమారు 30 డిగ్రీల వేడిలో ఈ జీవులు హుషారుగా పనిచేస్తాయి. చలికి మందగిస్తాయి. అందుకే వేసవిలో ఒక రాత్రికి పొంగే పిండి చలికాలంలో మర్నాటి మధ్యాహ్నం దాకా పట్టవచ్చు.

చేసి చూడండి: ఇంట్లో పిండి రుబ్బినప్పుడు రెండు గాజు గ్లాసుల్లో సగం దాకా పోయండి. పిండి ఎక్కడిదాకా ఉందో బయట కాగితం ముక్క అంటించి గుర్తు పెట్టండి. ఒకటి పొయ్యి గట్టు మీద గుడ్డ కప్పి, రెండోది చల్లని చోట ఉంచండి. పొద్దున రెండూ ఎంతెంత పెరిగాయో స్కేలుతో కొలిచి రాసుకోండి.

పోపు ఎందుకు?

ఒక కాగితంలో "పోపు వెయ్యాలి" అని రెండే మాటలు ఉన్నాయి. తీసుకున్న అబ్బాయి ఆవాలు, జీలకర్ర, పసుపు, ఇంగువ అన్నీ ఉడుకుతున్న చారులో పోసేశాడు. "చారు బాగానే ఉంది సార్, కాని మా ఇల్లు వాసన రాలేదు" అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో చూడండి!

సుగంధ ద్రవ్యాల్లోని పరిమళ పదార్థాలు చాలా మటుకు నీళ్ళలో సరిగా కరగవు, నూనెలో కరుగుతాయి. కాగిన నూనె ఆ పరిమళాన్ని లోపలినుంచి లాక్కుని కూరంతటికీ పంచుతుంది. నూనెలో ఆవాలు చిటపటమనడం కూడా వంటవారికి ఒక గుర్తు. గింజలో ఉన్న కొద్దిపాటి తేమ ఆవిరై, పొట్టును బద్దలు కొట్టుకుని వస్తుంది. అంటే నూనె తగినంత కాగిందని ఆవగింజ మనకు చెబుతుంది. ధర్మామీటరు లేని వంటింట్లో అదే ధర్మామీటరు.

పసుపుకు రంగు ఇచ్చే కర్క్యుమిన్ కూడా నూనెలో బాగా కరిగేదే. పసుపుతో ఒక తమాషా ఉంది. పసుపును కాసిని నీళ్ళతో కలిపి తెల్ల కాగితానికి పూసి నీడలో ఆరబెట్టండి. దానిమీద సబ్బు నీళ్ళ చుక్క వెయ్యండి. ఎర్రబడుతుంది. అక్కడే నిమ్మరసం వెయ్యండి. మళ్ళీ పసుపుపచ్చ! క్షారాన్ని గుర్తుపట్టే సూచిక ఇన్నాళ్ళూ మీ పోపుల పెట్టెలోనే ఉంది.

ఉప్పు తగ్గిన ఆవకాయ

మా ఈ కాగితాల మార్పిడి డిసెంబరుతో ఆగలేదు. వేసవిలో ఒక ఆవకాయ కాగితం కృష్ణా జిల్లా వారి ఇంటినుంచి మా ఊరివారి ఇంటికి వెళ్ళింది. జూలైలో జాడీ మూత తీస్తే తెల్లటి బూజు! ఆరా తీస్తే ఆ ఇంట్లో తాతగారికి రక్తపోటు ఉందట. పాపం, ఆయన కోసమని ఉప్పు సగానికి సగం తగ్గించి పట్టారు. నూనె కూడా తగ్గించారు.

తాతగారి మీద ప్రేమ మంచిదే. కాని ఆవకాయలో ఉప్పు రుచికి మాత్రమే కాదు, కాపలాకు కూడా. ఉప్పు మామిడి ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. అక్కడ చేరే సూక్ష్మజీవులలోని నీటినీ లాగుతుంది. నీళ్ళు లేక అవి పెరగలేవు. మామిడికాయ పులుపు రెండో కాపలా. పైన తేలే నూనె మూడోది, గాలి తగలనివ్వదు. గాలి లేనిదే బూజు పెరగదు. తడి గరిట పెడితే అమ్మమ్మ ఎందుకు కేకలేస్తుందో ఇప్పుడు అర్థమయింది గదా! ఆ తడి చుక్క ఉన్నచోట ఉప్పు పలచబడి కాపలా సడలిపోతుంది.

మరి తాతగారి మాటేమిటి? ఉప్పు తగ్గించవలసింది జాడీలో కాదు, విస్తరిలో. పచ్చడి సరిగానే పట్టి, ఆయన తినేది తగ్గించాలి. కారణం తెలియకుండా కొలత మారిస్తే వంట చెడుతుంది. కారణం తెలిస్తే ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో మనకే తెలుస్తుంది.

రాని కాగితం

ఇప్పుడు ఆ మూడో కాగితం సంగతి. దాన్ని ఇవ్వనిది వెనక బల్లమీద కూర్చునే ఒక అమ్మాయి. తల్లి కూలి పనికి వెళుతుంది. పిల్లల ఎదుట అడిగితే బాధపడుతుందని, బడి వదిలాక "ఏమ్మా, రాయలేదేం?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత పుస్తకంలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. రాసింది గాని ఇవ్వలేదన్నమాట.

అందులో ఇలా ఉంది. అన్నం అత్తెసరు పెడతారు, గంజి వార్చరు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు, కాస్త మజ్జిగ పోసి ఉంచుతారు. పొద్దున ఉల్లిపాయ నంజుకుని తింటారు. రాత్రికి పప్పులో పెరట్లోని మునగాకు గాని, తోటకూర గాని వేస్తారు. కాసిని ఆవాలతో పోపు పెడతారు. దించాక నిమ్మకాయ పిండుతారు.

ఆ పిల్ల దీన్ని దాచుకుంది. నేను మాత్రం ముప్ఫై ఎనిమిది కాగితాల పక్కన పెట్టి మళ్ళీ చదివాను. ఒక్కొక్క వాక్యం తీసి చూద్దాం రండి.

అత్తెసరు అంటే బియ్యానికి సరిపడా నీళ్ళే పోసి, వార్చకుండా ఇగరనివ్వడం. బి విటమిన్లు నీళ్ళలో కరుగుతాయి. బియ్యం నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే వాటిలో చాలా భాగం ఆ నీళ్ళతోనే పోతుంది. ఇది చిన్న విషయం కాదు. బాగా తెల్లగా పట్టించిన బియ్యమే ముఖ్యాహారమైన చోట్ల థయామిన్ లోపించి, కాళ్ళు పడిపోయి, గుండె దెబ్బతినే బెరిబెరి వ్యాధి వచ్చేది. జావా ద్వీపంలో పనిచేసిన ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు 1890లలో ఈ వ్యాధికీ తెల్ల బియ్యానికీ ఉన్న సంబంధాన్ని కోళ్ళమీద గమనించాడు. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో మన సర్కారు జిల్లాల్లోనూ బెరిబెరి ఉండేది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం మొదలైన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

చద్దన్నం సంగతి చూద్దాం. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్ల జీవులు రాత్రంతా పనిచేసి అన్నాన్ని కాస్త పులియబెడతాయి. ఆ పులుపు కొన్ని చెడ్డ సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ఇడ్లీకి ఉన్న గౌరవం చద్దన్నానికి లేదు గాని, రెండింటిలోనూ పనిచేసేవి ఒక కుటుంబం వంటివే. అయితే గిన్నె, నీళ్ళు శుభ్రంగా ఉండాలి. అన్నం వేడి తగ్గగానే నీళ్ళు పొయ్యాలి. జిగురు సాగినా, చెడు వాసన వచ్చినా పారబొయ్యాలి.

ఇక ఆకుకూర పప్పు, పోపు, నిమ్మకాయ. ఆకుల్లో కెరోటిన్ ఉంది, అది మన ఒంట్లో ఎ విటమిన్‌గా మారుతుంది. దాన్ని పేగులు గ్రహించాలంటే కొంచెం కొవ్వు కావాలి. ఆ చెంచాడు పోపు నూనె ఆ పని చేస్తుంది. ఆకుల్లో, పప్పులో ఇనుము ఉంది. కాని మొక్కలనుంచి వచ్చే ఇనుమును మన ఒళ్ళు తేలికగా పట్టుకోదు. పక్కన సి విటమిన్ ఉంటే బాగా పట్టుకుంటుంది. నిమ్మకాయలో సి విటమిన్ ఉంది. అది వేడికి నశిస్తుంది, కాబట్టి దించాక పిండాలి. చూశారా! పులుపు చివర అన్న ఒక్క అలవాటుకు పప్పు ఉడకడం ఒక కారణం, నెత్తురు పట్టడం రెండో కారణం.

ఆకుల్లో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది. ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటనుంచే దానికా పేరు వచ్చింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది ఫోలిక్ ఆమ్లమేనని తరవాత తేలింది. 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధన బృందానికి నాయకుడు ఎవరో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు!

రక్తహీనత మాట ఎందుకు ఎత్తానంటే, అది మా క్లాసులోనే ఉంది. ఆ ఏడాది ప్రార్థన వేళ మరొక అమ్మాయి రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. కలిగిన ఇంటి పిల్లే. ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేస్తే హీమోగ్లోబిన్ తక్కువ ఉందన్నారు. ఆ పిల్ల కాగితం తీసి చూశాను. తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, తిన్న వెంటనే టీ. టీలోని టానిన్లు ఇనుమును పట్టి ఉంచి, ఒంటికి అందనివ్వవు. డాక్టరుగారు ఇనుము మాత్రలు ఇచ్చారు. అంతగా తగ్గిన రక్తాన్ని ఆకుకూర ఒక్కటే నింపలేదు, మాత్రలు వాడవలసిందే. కాని మాత్రలు అయిపోయాక మళ్ళీ పడిపోకుండా చూడవలసింది రోజూ తినే అన్నమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఇది ఒక పిల్ల కథ కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

వెనక బల్లమీది అమ్మాయిని అడిగి, పేరు చెప్పకుండా ఆ కాగితాన్ని క్లాసులో చదివి వినిపించాను. ప్రతి వాక్యం దగ్గర ఆగి "ఎందుకు?" అని అడిగాను. పిల్లలే ఒక్కొక్క కారణం చెప్పారు. చివర్న "ఇది ఎవరి ఇంటిది సార్?" అని ఎవరో అడిగారు. నేను చెప్పలేదు. వెనకనుంచి చిన్న గొంతు, "మాది" అంది. ఆ వారం ఆ కాగితాన్ని పదకొండు మంది నకలు రాసుకున్నారు. అందులో కళ్ళు తిరిగి పడిపోయిన అమ్మాయి కూడా ఉంది.

ఒకరి కంచం, ఒకరి లోటు

మరికొన్ని కాగితాలు కూడా ఒకదాని లోటు ఒకటి తీర్చేవిగా కనిపించాయి. అనంతపురం అబ్బాయి ఇంటి రాగి సంగటిని మొదట కొందరు వెక్కిరించారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే బియ్యంలో ఉండేది సుమారు 10 మిల్లీగ్రాములే. ఎముకలు పెరిగే వయసులో ఉన్న పిల్లలకు ఇది చెప్పగానే వెక్కిరింత ఆగిపోయింది.

పప్పన్నం కూడా అటువంటి జతే. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. బియ్యం, జొన్న వంటి ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది ఎక్కువ, కాని మెథియొనిన్ తక్కువ. ధాన్యాల్లో ఆ మెథియొనిన్ ఉంది. రెండూ కలిపి తింటే ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, జొన్న రొట్టెతో పప్పు, అన్నీ ఈ లెక్కకే వస్తాయి. అమైనో ఆమ్లాల పేర్లు పుట్టకముందే మన పూర్వులకు ఈ జత కుదిరింది.

అడిగి రాసుకోండి

నాకు ఒక దిగులు ఉంది. మా అమ్మ ఉలవచారు కాచేది. ఉలవలు ఉడికించిన నీళ్ళు కుంపటి మీద పొద్దుననుంచి సాయంత్రం దాకా కాగుతూ ఉండేవి. నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదివాను. ఎన్నో ద్రావణాలు కాచి గాఢత లెక్కకట్టాను. కాని ఒక్కనాడూ ఆ కుంపటి పక్కన కూర్చుని "అమ్మా, ఎప్పుడు దించాలో నీకెలా తెలుస్తుంది?" అని అడగలేదు. ఆవిడ పోయాక మా ఆవిడా నేనూ చాలాసార్లు ప్రయత్నించాం. చారు వస్తుంది, అది రాదు. కుండ తేడానా, నీళ్ళ తేడానా, దించే వేళ తేడానా? చెప్పేవారు లేరు.

అందుకే పిల్లలూ, మీకు ఈ నెల ఇదే ఇంటిపని. ఒక పాత నోటుపుస్తకం తీసుకోండి. అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు, నాయనమ్మ కావచ్చు, మీ ఇంట్లో వండేవారి పక్కన కూర్చోండి. పండగ వంట కాదు, ఆ రోజు వంట రాయండి. ఏ నీళ్ళు, ఏ గిన్నె, ఏది ముందు, ఏది తరవాత, ఎంతసేపు, ఏ గుర్తు చూసి దించారు, ఇవన్నీ రాయండి. "తగినంత" అంటే ఆ తగినంతను ఒకసారి గ్లాసుతోనో చెంచాతోనో కొలిచి, అంకె కూడా పక్కన వెయ్యండి. ప్రతి మెట్టు దగ్గర "ఎందుకు?" అని అడగండి. వారికి తెలిసిన కారణం రాయండి. తెలియకపోతే ఖాళీ వదిలి మీ సైన్సు మాస్టారిని అడగండి. ఆయనకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి చేసి చూడండి.

తరవాత ఆ కాగితాన్ని మీ స్నేహితుడికివ్వండి, వాడిది మీరు తీసుకోండి. కుదిరితే తినండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో కనుక్కోండి. రెండూ లాభమే.

మా బడిలో ఆ కాగితాలన్నీ కుట్టి ఒక పుస్తకం చేశాం. అట్టమీద పేరు రాయించాం. ఆ పేరు వేరే ఏం కాదు, మొదటి రోజు నేను అడిగిన ప్రశ్నే.

మరి చెప్పండి, నిన్న మీ ఇంట్లో ఏం వండారు?